పలకని కుర్చీ

ఊపిరి వదలడానికి సోక్ ఇల్దో నోరు కొద్దిగా తెరిచాడు. ముక్కుతో వదిలితే సన్నగా ఈల వస్తుంది. ఆ ఈల చెవి పక్కనున్న మైకులో పడుతుంది. వాగు ఒడ్డున రాయి మీద కూర్చుని ఇరవై నిమిషాలయింది. ఇంకో ఇరవై కూర్చోవాలి. ఎడమ కాలు తిమ్మిరెక్కింది. కదపలేదు.

తెల్లవారుతోంది. జిరిసాన్ కొండ మీది వెలుతురు ఇంకా లోయలోకి దిగలేదు. అవతలి ఒడ్డున వంగపండు పిట్ట ఒకటి కూస్తోంది. అది ఎడమ నుంచి కుడికి ఎగిరితే, విన్నవాళ్లకు ఎడమ నుంచి కుడికే ఎగిరినట్టు వినపడాలి. మైకులు రెండూ అతని తలకే ఉన్నాయి. తల తిప్పితే వాగూ చెట్టూ పిట్టా, లోయంతా తిరిగిపోతుంది.

మైకు ఒక్కొక్కటి మిరియపు గింజంత. కళ్లజోడు కాడలకు, సరిగ్గా చెవుల ముందు, నల్లదారంతో ఏడేసి చుట్లు చుట్టి కడతాడు. జిగురు వాడడు. ఎండకు కారుతుంది, చలికి పగులుతుంది. మైకు మీద స్పాంజి తొడుగు, దాని మీద గాలికి అడ్డంగా కుందేలు బొచ్చు. తీగ చెవి వెనక నుంచి మెడ మీదికి దిగి, కాలరు లోపల ఒక చుట్టు వదులుగా తిరిగి, లోచొక్కాకు కుట్టుకున్న ఫ్లానెల్ సంచిలోకి పోతుంది. సంచిలో సబ్బుబిళ్లంత రికార్డరు. ఆ వదులు చుట్టులోనే పనితనమంతా ఉంది. అది లేకపోతే మింగిన ప్రతి గుటకా తీగను లాగుతుంది. కళ్లజోడుకు అద్దాలున్నాయి గాని పవరు లేదు. యాభై ఏడేళ్లు వచ్చినా ఇల్దోకు చూపు బాగానే ఉంది.

జొంజులో ఉన్న సంగీత భాండాగారంలో అతనిది ఇరవై తొమ్మిదేళ్ల ఉద్యోగం. ఈ ఇరవై తొమ్మిదేళ్లలో అతను నేర్చుకున్నవి చాలావరకు మానుకోవడాలు. చేతిగడియారం మానేశాడు. నైలాను బట్టలు మానేశాడు. ముప్పై ఉతుకులు పడ్డ నూలుచొక్కా తప్ప వేసుకోడు. పని ఉన్న రోజు పొద్దున కిమ్చీ పచ్చడి తినడు, కడుపు గుడగుడలాడుతుందని. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే తల ఊపడం మానేశాడు. ఊఁ కొట్టడం మానేశాడు.

పిట్టలకు మైకు కనిపించినా ఒకటే, కనిపించకపోయినా ఒకటే. మనుషులకు అలా కాదు. అందుకే సభల్లో అతను ఫెల్టు టోపీ పెట్టుకుని మూడో వరుసలో కూర్చుంటాడు. మైకులు టోపీ పట్టీ కింద ఉంటాయి. పాడేవాళ్లకు తెలుసు, డోలు వాయించేవాళ్లకు తెలుసు, నిర్వాహకులకు తెలుసు. పక్కసీటు మనిషికి తెలియదు. డోలు మీద కథ చెప్పే పన్సోరీ పాటలో సందు దొరికినప్పుడల్లా జనం “ఒల్సిగూ!” అని కేక వేస్తారు. “అదీ!” అంటారు, “భలే!” అంటారు. పాడే మనిషి ఆ కేకను అందుకుని తరువాతి చరణంలోకి దిగుతుంది. సభంతా కేకలు వేస్తుంటే ఇల్దో మెడ బిగించి కూర్చుంటాడు. తన గొంతు అన్నిటికన్నా మైకుకు దగ్గర. చిన్నగా పలికినా పాట మీద బండ పడ్డట్టు ఉంటుంది.

ఒకసారి తెరవెనక టోపీ తీయకుండానే నిలబడ్డాడు. ఆ తరువాత ఆఫీసులో రికార్డు వింటుంటే, కొత్తగా పాడబోయే అమ్మాయితో ముసలి డోలువాడు చెబుతున్న మాటలు అందులో పడి ఉన్నాయి. “మూడో వరుసలో పలకని కుర్చీ ఒకటుంటుందే. దానికేసి చూడకు. చూశావా, తాళం తప్పుతావు.” ఇల్దో ఆ ముక్కను కత్తిరించి పాటను మాత్రం దాచాడు.

వంగపండు పిట్ట ఎగరలేదు. కూసినచోటే కూసి ఊరుకుంది. నలభై నిమిషాలు నిండాక ఇల్దో రికార్డరు ఆపి, చేత్తో కాలిని పట్టుకుని రాయి మీద నుంచి దించుకున్నాడు.

వ్యానులో ఫోను మోగుతోంది. పని దగ్గరికి ఫోను తీసుకుపోడు. దాని గరగర తీగలోకి ఎక్కుతుంది. అవతల భార్య హ్వాజా. జొంజు బజారులో ఆమెకు కూరల కొట్టు ఉంది.

“తిన్నావా?”

“గంజి తాగాను.”

హ్వాజా మాట్లాడింది. మోకాలు మళ్లీ వాచిందట. పక్కకొట్టువాడు సగం దారి ఆక్రమించి మూకుళ్లు పెట్టాడట. ఆదివారం తమ్ముడి కూతురి పెళ్లికి ఇల్దో ఆ నూలుచొక్కా వేసుకొస్తే తను రాదట. ఇల్దో అంతా విన్నాడు.

“ఉన్నావా?” అంది హ్వాజా.

“ఉన్నా.”

“మధ్యలో ఒక్క ఊఁ కొట్టరాదూ? ఊఁ అంటే అరిగిపోతావా? సోయా జాడీతో సంసారం చేసినట్టుంది నాకు. జాడీ అయితే మూత తీస్తే వాసనైనా వస్తుంది.”

“సరే.”

“దేనికి సరే?”

ఇల్దో ఆలోచించాడు. ఆలోచించేలోపు ఆమె పెట్టేసింది.

ఊళ్లోకి పోయేసరికి పదిన్నర దాటింది. మళ్లన్నీ నీళ్లు నిండి ఉన్నాయి. ఊరి చివర ఓక్ మాల్సూన్ ఇల్లు. గేటు దగ్గర హాదోంగావిడ నిలబడి ఉంది. అరవై ఏళ్ల కిందట హాదోంగ్ నుంచి కోడలిగా వచ్చింది. ఆవిడ అసలు పేరు ఊళ్లో ఎవరికీ గుర్తులేదు. పక్కింట్లోనే ఉంటుంది.

“అక్కా! నీ మూగాయన వచ్చాడు!” అని లోపలికి కేక వేసి, ఇల్దో మెడకేసి చూసింది. “ఏందయ్యా, ఇవాళ కూడా బల్లెం మింగినట్టే ఉన్నావు?”

ఇల్దో వంగి నమస్కారం చేశాడు. కళ్లజోడు జారకుండా, మెడ కదలకుండా నడుము దగ్గర మాత్రమే వంగాడు.

మాల్సూన్‌కు ఎనభై నాలుగేళ్లు. ఆడవాళ్ల జట్టుతో సంతలు తిరిగి ముప్పై ఒకటో ఏట దాకా పాడింది. ఆ తరువాత పెళ్లి, మడి, మిరప తోట. పిల్లలు లేరు. భర్త పోయి పదేళ్లు. మార్చిలో పక్షవాతం తగిలి కుడిచెయ్యి పట్టు తప్పింది. చెల్లెలి కూతురు జంగ్నన్ సుంచన్‌లో ఉంటుంది. ఆమె ఈ మధ్యాహ్నం రెండింటికి వచ్చి పెద్దమ్మను వృద్ధుల ఆసుపత్రికి తీసుకుపోతుంది. అక్కడ గదికి ఆరు మంచాలు. టీవీ ఒకటి.

మాల్సూన్ దగ్గర ఒక పాట ఉంది. నది అవతలి ఊరివాడైన గురువు కట్టిన పాట. ఒక ఆడమనిషి పొద్దువాలాక రేవుకు వచ్చి, ఒక్క మనిషి కోసం పడవ తిప్పనంటున్న పడవవాణ్ని బతిమాలుతుంది. ఎనిమిది నిమిషాల ఘట్టం. గురువు దాన్ని ముగ్గురికి చెప్పాడు. ఇద్దరు పోయారు. ఎవరూ రాసుకోలేదు, ఏ రికార్డులోనూ లేదు. రెండేళ్లలో ఇల్దో నాలుగు సార్లు వచ్చాడు. వచ్చినప్పుడల్లా ఆవిడ అన్నం పెట్టి, ఊరి సంగతులు చెప్పి పంపింది. పోయిన వారం తనే ఫోను చేసింది. “శుక్రవారం నన్ను తీసుకుపోతారు. ఆ పొద్దున రా. రేవు పాడతా.”

ఒకే షరతు పెట్టింది. “ఎప్పుడో టీవీవాళ్లు వచ్చి కడ్డీ ఒకటి నా మూతి ముందు నిలబెట్టారు. కోడికి కత్తి చూపించి కూయమన్నట్టు. గొంతు పూడుకుపోయింది. నీ మైకు ఎక్కడైనా పెట్టుకో. నా కంట పడనీకు.”

ఇప్పుడు చాప మీద కూర్చుని అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. టోపీ లేదు, సంచీ లేదు; మైకుల మీది బొచ్చు వ్యానులోనే తీసేశాడు.

“ఎక్కడ దాచావయ్యా?”

“నా దగ్గరే ఉందమ్మా.”

“చెప్పకు. బాగానే దాచావు, దొంగల్లో కలవాల్సినవాడివి.”

ఆవిడ పెట్టిన అన్నం తిన్నాక ఇల్దో గదిని సిద్ధం చేశాడు. ఫ్రిజ్ తీగ పీకాడు. గోడగడియారం దించి పక్కగదిలో పరుపుల మధ్య పెట్టాడు. మడి నీళ్ల మోటారు వైపు కిటికీ మూశాడు. తలుపు సందులో గుడ్డ దోపాడు. ఇక మిగిలింది హాదోంగావిడ. ఆవిడకు దగ్గు ఉంది. చేతిలో ప్లాస్టిక్ సంచి ఎప్పుడూ ఉంటుంది. పోయినసారి మాల్సూన్ ఊరికే రెండు చరణాలు కూనిరాగం తీస్తే, ఆవిడ అతని చెవి పక్కనే లారీ హారన్‌లా “ఒల్సిగూ!” అని అరిచింది. రికార్డులో ఆ చోట మాల్సూన్ గొంతు ముక్కలైపోయింది.

“మీరు కాసేపు బయట ఉంటారా?” అన్నాడు.

“నేను లేకుండా ఆవిడ పాడదయ్యా.”

“ఎనిమిది నిమిషాలే.”

“నోరు మూసుకుంటాలే.”

“అది నీ వల్ల అయ్యేదేనా?” అని మాల్సూన్ నవ్వింది. “పో, ఆ కుక్కను కూడా తీసుకుపో. రెండూ ఒక జాతి.”

హాదోంగావిడ కుక్క తాడు విప్పి తీసుకుపోయింది. తలుపు మూశాక గది ఎంత నిశ్శబ్దంగా ఉండాలని ఇల్దో అనుకున్నాడో అంత నిశ్శబ్దంగా ఉంది. అతను మాల్సూన్‌కు ఎదురుగా నాలుగడుగుల దూరంలో కూర్చుని, చొక్కా సవరించుకుంటున్నట్టు లోపలి మీట నొక్కి, మెడ నిలిపాడు.

మాల్సూన్ ఎడమచేతి పిడికిలితో మోకాలి మీద తాళం వేసుకుంది. డోలు వాయించే మరిది పోయిన చలికాలం పోయాడు. పాట మొదలైంది. గొంతు గరుకుగా, అనుకున్నదానికన్నా కిందిస్థాయిలో ఉంది. నాలుగో చరణం చివర ఆవిడ అర ఊపిరి ఆపి ఇల్దోకేసి చూసింది. అది ఎదుటివాళ్ల కోసం వదిలే చోటు. ఇల్దో కూడా ఆవిడకేసి చూశాడు. రెప్ప వేయలేదు. ఆవిడ అయిదో చరణం ఎత్తుకుంది. ఏడో చరణానికి పిడికిలి నెమ్మదించింది. ఆగిపోయింది.

“మళ్లీ మొదలెడతా,” అంది.

రెండోసారి నాలుగో చరణం దగ్గర ఆపలేదు, దాటుకుంటూ పోయింది. ఆరో చరణంలో ఉండగా ఊరి మధ్య స్తంభం మీది లౌడు స్పీకరు గొంతు సవరించుకుంది. “ఆ, ఆ, వినపడుతోందా? గ్రామపెద్దను మాట్లాడుతున్నా. నారు పెట్టెలు వాపసు ఇవ్వనివాళ్లు ఇవాళ ఇచ్చేయండి. ఎవరో వాళ్లకే తెలుసు. పేర్లు చెప్పించకండి.” ఆ మాటలనే మళ్లీ మొదటి నుంచి చదివాడు. తరువాత రెండు పేర్లు చెప్పాడు.

మాల్సూన్ కడుపు పట్టుకుని నవ్వింది. ఇల్దో నవ్వలేదు. మెడ అలాగే ఉంది. నవ్వడం ఆపి ఆవిడ అతన్ని చూసింది, బార్లీ నీళ్లు రెండు గుక్కలు తాగింది.

మూడోసారి పాట దూరం పోయింది. గొంతు తెరుచుకుంది. పడవవాడు వీపు తిప్పుకునే చోటు వచ్చింది. అక్కడ సందు పెద్దది. మాల్సూన్ తాళం ఆపి ఎడమచెయ్యి చాచింది, ఏదో చేతికందిస్తున్నట్టు. చెయ్యి అతని వైపు అలాగే ఉంది.

ఏ మాట వేయాలో ఇల్దోకు తెలుసు. ఎప్పుడు వేయాలో కూడా తెలుసు. సభల్లో ఎన్ని వందల సార్లు లోపల లోపల లెక్కపెట్టుకున్నాడో. మాట గొంతు దాకా వచ్చింది. మైకు పక్కన అరిస్తే రికార్డు పగిలిపోతుందనుకున్నాడు. పగిలితే ఆ ముక్క కత్తిరించవచ్చు కదా అనుకున్నాడు. ఆ రెండు ఆలోచనలకూ పట్టినంత సేపు ఆ సందు లేదు.

చాచిన చెయ్యి మోకాలి మీద పడింది.

“ఉన్నావా అయ్యా?”

“ఉన్నానమ్మా.”

“లేవు.” ఆవిడ మోకాలు రుద్దుకుంది. “నూతిలోకి పాడినా కాస్త తిరిగొస్తుంది. నీలో పడింది పడ్డట్టే ఉంది.”

“మన్నించండి. ఇంకొక్కసారి. ఈసారి నేను...” అని ఇల్దో గొంతు సవరించుకుని, “ఒల్సిగూ,” అన్నాడు.

మాల్సూన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “అయ్యో, బస్సులో టిక్కెట్టు అడుగుతున్నట్టుంది! వద్దులే నాయనా. నా ఊపిరీ అయిపోయింది. పో, ఆ దాచిందేదో తీసేయ్. నీ మెడ చూస్తుంటే నాకు నొప్పి పుడుతోంది.”

ఒంటిగంట దాటింది. ఇల్దో రికార్డరు ఆపాడు. పద్నాలుగు నిమిషాలు పడింది: రెండు సగాలు, ఒక గ్రామపెద్ద, ఒక ముప్పాతిక. అతను వసారాలోకి వచ్చి మెట్టు మీద కూర్చుని, చిన్న కత్తెరతో కాడల మీది నల్లదారం కత్తిరించాడు. దారం విప్పడానికి వీలుండదు, కత్తిరించాల్సిందే. మైకులు రెండూ రేకు డబ్బీలో దూది మీద పెట్టాడు. తీగ చుట్టాడు. దారం ముక్కలు ప్యాంటు మీద పడ్డాయి. మైకులను ముందే దూలానికో, బీరువా మీదో కట్టి తను బయటికి పోయి ఉంటే, ఆ గదిలో హాదోంగావిడ కూర్చుని ఉండేది కదా అని అప్పుడు తోచింది. ఇరవై తొమ్మిదేళ్లుగా మైకులు తన తలకే కడుతున్నాడు. ఇంకోచోట కట్టవచ్చన్నది పొద్దుటి నుంచి తోచలేదు.

హాదోంగావిడ కుక్కతో తిరిగొచ్చింది. కుక్క అతని పాదాలు వాసన చూసి పక్కనే పడుకుంది.

“అయిందా?” అందావిడ.

ఇల్దో ప్యాంటు మీది దారం ముక్కలు దులుపుకున్నాడు. ఆవిడ జవాబు కోసం ఆగకుండా లోపలికి పోయింది. బీరువా తలుపు చప్పుడయింది.

“అక్కా, ఈ దుప్పటి?”

“అక్కడ వాళ్ల దుప్పట్లే కప్పుతారంట.”

“ఈ ఉన్ని మేజోళ్లు?”

“పెట్టు.”

“ఇది ఏందే? పట్టు పావడా? ఎవడి కోసం దాచావు?”

“నీ మొగుడి కోసం. పెట్టక్కర్లేదు, నువ్వు కట్టుకో.”

ఇద్దరూ నవ్వారు. హాదోంగావిడకు దగ్గు వచ్చింది. దగ్గు ఆగాక ఆవిడ బట్టలు మడుస్తూ, “పడవవాడా, ఓ పడవవాడా” అని రేవు మొదటి చరణం అందుకుంది. తాళం లేదు, శ్రుతి లేదు.

“ఆపవే తల్లీ! నువ్వు అట్లా పిలిస్తే పడవవాడు పడవ వదిలేసి ఈదుకుంటూ పారిపోతాడు.”

“అయితే నువ్వు పిలువు.”

మాల్సూన్ పిలిచింది. తప్పు దిద్దడానికి మొదటి చరణం పాడింది. హాదోంగావిడ “అదీ!” అంది. రెండో చరణం పాడింది. మోకాలి మీద పిడికిలి దెబ్బ వసారాలోకి వినిపించింది. నాలుగో చరణం చివర సందులో హాదోంగావిడ “ఒల్సిగూ!” అని అరిచింది. గోడకున్న చేట కదిలింది. ఆ అరుపు మీద నుంచి మాల్సూన్ గొంతు పైకి లేచింది. ఇందాకటి మూడుసార్లలో ఒక్కసారీ అందుకోని స్థాయి.

ఇల్దో చేతిలో రేకు డబ్బీ ఉంది. ఒక్కో మైకు కట్టడానికి నాలుగు నిమిషాలు. కట్టకుండా చేత్తో పట్టుకుంటే వేళ్ల రాపిడి. అయినా ఫరవాలేదనుకున్నా, తీగ చుట్ట విప్పాలి, రికార్డరు చొక్కా లోపల ఉంది, దాని మూత తెరవాలి. ఫోను వ్యానులో ఉంది. వ్యాను నలభై అడుగుల దూరం, గేటు కిర్రుమంటుంది. తను లేచిన చప్పుడు వింటే లోపలున్న ఇద్దరిలో ఒకరు ఇటు చూస్తారు. చూస్తే ఆ పాట ఆగుతుంది.

అతను లేవలేదు. డబ్బీ మూత మీద బొటనవేలు పెట్టుకుని కూర్చున్నాడు. ఏడో చరణం పోయింది. ఎనిమిది. రేవులో దీపం పెట్టే చరణం. అది ఇందాక పాడినప్పుడు లేనే లేదు, ఆవిడ దాటేసింది. లోపల ప్లాస్టిక్ సంచి గరగరమంటూనే ఉంది. పాట దాని మీద నుంచే పోతోంది.

పడవవాడు వీపు తిప్పుకున్నాడు. మాల్సూన్ తాళం ఆపింది. హాదోంగావిడ అరవబోయి, దగ్గు అడ్డం పడి ఉక్కిరిబిక్కిరయింది. సందు ఖాళీగా ఉంది.

“ఒల్సిగూ!”

కుక్క తల ఎత్తి ఇల్దోకేసి చూసింది. కుక్క చూశాకే ఆ కేక ఎవరిదో అతనికి తెలిసింది. మాల్సూన్ ఆ కేక అందుకుని చివరి చరణంలోకి దిగింది. ఆపకుండా పాడింది. పడవ తిరిగిందో లేదో చెప్పకుండానే ఆ పాట అయిపోతుంది. గురువు అలాగే కట్టాడు.

“అక్కా, మూగాయన నోరు తెరిచాడే!” హాదోంగావిడ దగ్గుతూనే తలుపు తీసింది.

“విన్నాలే,” లోపలి నుంచి మాల్సూన్ అంది. “ఇందాక ఎక్కడ పెట్టావయ్యా ఆ గొంతు?”

ఇల్దో లేచి గుమ్మం దగ్గరికి పోయాడు. ఆవిడ బట్టల మధ్య కూర్చుని ఉంది. పెదవుల పైన చెమట పట్టింది. ఊపిరి కోసం ఆగి ఆగి నవ్వుతోంది.

“అమ్మా, ఇంకోసారి పాడగలరా? పావుగంట ఇస్తే మైకులు కడతాను.”

ఆవిడ తల అడ్డంగా ఊపింది. విసుగు లేదు ఆ ఊపులో. “ఇప్పుడు పాడాగా,” అంది.

బయట కారు హారను వినపడింది.

జంగ్నన్‌కు యాభై ఉంటాయి. నాలుగింటిలోగా ఆసుపత్రిలో చేర్చాలని, దారిలో మందులు తీసుకోవాలని చెప్పుకుంటూ రెండు సంచులు డిక్కీలో పెట్టింది. ఇల్దోకు వంగి నమస్కారం చేసి, “రికార్డు బాగా వచ్చిందా సార్? మాకూ ఒక కాపీ పంపుతారా?” అంది.

“మొదలు వచ్చింది,” అన్నాడు ఇల్దో.

ఆమె సరిగా వినలేదు. “చాలా సంతోషం సార్,” అని ఫ్రిజ్‌లో ఏమైనా మిగిలాయేమో చూడ్డానికి పోయింది.

మాల్సూన్ పిల్లల తోపుడుబండి మీద చేతులు ఆనించి ఇంట్లోంచి బయటికి వచ్చింది. పాత సామాన్లవాడి దగ్గర కొన్న నీలం బండి. నడవడానికి ఊతంగా దాన్ని తోసుకుంటూ మడిగట్ల దాకా పోయేది. కారు దగ్గర ఆగింది.

“దాన్ని వదిలెయ్ పెద్దమ్మా. అక్కడ చక్రాల కుర్చీలుంటాయి. కార్లో చోటు లేదు.”

“మడిస్తే పడుతుంది.”

“మడవడానికి రావట్లేదు పెద్దమ్మా, తుప్పు పట్టింది.”

మాల్సూన్ బండి మీది నుంచి ఒక చెయ్యి తీసి కారు తలుపు పట్టుకుంది. తరువాత రెండో చెయ్యి తీసింది. కూర్చున్నాక అద్దం దించింది.

“పొయ్యి మీద ఏమీ లేదుగా?”

“ఏమీ లేదక్కా,” అంది హాదోంగావిడ.

“సరే అయితే.” ఆవిడ ఇల్దోకేసి చూసింది. “ఇంక మెడ తిప్పుకోవయ్యా. ఎవరూ ఏమీ అనరు.”

కారు మడిగట్టు పక్కనున్న దారిలో పోయింది. మలుపు తిరిగేదాకా హాదోంగావిడ చెయ్యి ఊపింది. అంతసేపట్లో ఆవిడ ఒక్కసారీ దగ్గలేదు.

ఆ సాయంత్రం ఇల్దో ఆఫీసులో కాగితం నింపాడు. విషయం: రేవు. వ్యవధి: పద్నాలుగు నిమిషాలు. స్థితి: అసంపూర్తి. రాత్రి భోజనం దగ్గర హ్వాజా పక్కకొట్టువాడి గొడవ చెబుతుంటే మధ్యలో ఒకసారి “ఊఁ” అన్నాడు. ఆమె చెంచా ఆపి, “ఒంట్లో బాగుందా?” అని అడిగింది.

మాల్సూన్ ఆ ఆసుపత్రిలో పందొమ్మిది రోజులుంది. ఇరవయ్యో రోజు పొద్దున నర్సు టీవీ పెట్టేసరికి పోయి ఉంది. జంగ్నన్ కాపీ గురించి అడగడానికి వారం తరువాత ఫోను చేసినప్పుడు ఆ సంగతి చెప్పింది. ఇల్దో ఎంతసేపటికీ మాట్లాడకపోతే, “ఉన్నారా సార్?” అని రెండుసార్లు అడిగింది.

జూన్ చివర వాగు దగ్గరికి పోతూ అతను మాల్సూన్ ఇంటి ముందు వ్యాను ఆపాడు. గేటుకు తాళం వేసి ఉంది. నీలం బండి గోడ వైపు తిప్పి నిలబెట్టి ఉంది. పల్లానికి దొర్లకుండా హాదోంగావిడ తిప్పి ఉంటుంది. సీటులో బరువు కోసం తువ్వాలు చుట్టిన ఇటుక ఉంది. దాని పక్కన ఎండి తాడులా అయిన వెల్లుల్లి కాడల కట్ట. పిడి మీద రెండుచోట్ల, రెండు అరచేతులు పట్టేంత మేర, రబ్బరు అరిగి ఇనుము కనిపిస్తోంది.